రోమన్ నాణేలను గ్రాముల్లోకి మార్చడం: పౌను లెక్కా, కాటా తూకమా?

రోమన్ నాణెం బరువును గ్రాముల్లో చెప్పడానికి రెండు దారులున్నాయి. మొదటిది పౌను లెక్క: ఒక లిబ్రాకు, అంటే రోమన్ పౌనుకు, టంకశాల ఎన్ని నాణేలు కొట్టేదో తెలిస్తే పౌను బరువును ఆ సంఖ్యతో భాగించవచ్చు. రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ ప్రవేశపెట్టిన బంగారు నాణెం సాలిడస్ పౌనుకు 72 చొప్పున తయారయ్యేది. చిక్కంతా పౌను దగ్గరే ఉంది, దానిని 327.45 గ్రాములుగా తీసుకుంటే సాలిడస్ 4.55 గ్రాములవుతుంది, 322.8గా తీసుకుంటే 4.48కి దిగుతుంది.

రెండవది, దొరికిన నాణేలను కాటాలో తూచి, ఎక్కువ నాణేలు ఏ బరువు దగ్గర గుమిగూడాయో చూడడం. చేతులు మారి అరిగిన వెండి డెనారియస్‌లో తరుగు ఎక్కువ కనుక, సగటు టంకశాల ప్రమాణానికి దిగువనే ఉంటుంది. సాలిడస్‌కు ఆ బెడద తక్కువ. బాగున్నవి సాధారణంగా 4.4, 4.5 గ్రాముల మధ్య తూగుతాయి కాబట్టి, చిన్న పౌనే నాకు నమ్మదగినదిగా తోస్తుంది.

అయితే నీరో కాలంలో డెనారియస్ పౌనుకు 84 నుంచి 96కు మారినప్పుడు బరువు ఎనిమిదో వంతు తగ్గిందని చెప్పడానికి పౌను ఎన్ని గ్రాములో తేలనవసరమే లేదు. అక్కడ మొదటి పద్ధతిదే పైచేయి. సాలిడస్‌లో 24వ వంతైన సిలిక్వా, మన కంసాలుల గురివింద గింజలాగే, ఒక చెట్టు గింజ పేరుతో వచ్చిన తూకం. అది సుమారు 0.19 గ్రాములు.