ట్రాన్స్ సర్టిఫికెట్ పనికి లీగల్ ఏఐ యాప్: టైపింగ్‌కి పర్లేదు, చట్టం అడిగితే జాగ్రత్త

తెలుగులో అడిగితే తెలుగులోనే చట్టం చెబుతుందని ఒక ఏఐ యాప్‌కి 2025 చివర్లో నెల చందా కట్టాను. పేరు రాయడం లేదు, ఈ సమస్య ఆ ఒక్క యాప్‌దే అనుకోవడం లేదు కాబట్టి. నేను ట్రాన్స్ మహిళను, ట్రాన్స్‌జెండర్ అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సర్టిఫికెట్ నాకు ఎప్పుడో వచ్చింది. ఇప్పుడు మాతో ఉండే చెల్లి అప్లై చేయాలి, అఫిడవిట్ పని తేలికవుతుందని తీసుకున్నాం.

భాష నిజంగా బాగుంది. చెల్లి హైదరాబాద్ యాసలో గడగడా చెప్పుకుపోతుంటే యాప్ ఎక్కడా తడబడకుండా రాసుకుంది, అఫిడవిట్ కూడా వెంటనే ఇచ్చింది. కానీ ఆధార్ ఫోటో పెట్టేసరికి అందులోని పాత పేరు ఎక్కించి, నాన్న పేరు పక్కన ‘కుమారుడు’ అని రాసేసింది. తను ఫోన్ నా చేతిలో పెట్టి "అక్కా, నువ్వే మార్చు" అంది. మార్చమంటే మార్చింది, ఇంకో పేజీ అడగ్గానే మళ్లీ పాత పేరే. నేనెవరో నేనే చెప్పుకుంటున్నానని ప్రమాణం చేసే కాగితంలో ఇలా వస్తే ఎంత కష్టంగా ఉంటుందో మాకు తెలుసు.

అసలు టెన్షన్ చట్టం దగ్గర. సర్టిఫికెట్‌కి ఆపరేషన్ చేయించుకున్నట్టు ఆస్పత్రి పత్రం తప్పనిసరి అని తేల్చి చెప్పింది. అప్పటి చట్టం ప్రకారం అది పూర్తిగా తప్పు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల 2019 చట్టం సెక్షన్ 6 కింద జిల్లా మేజిస్ట్రేట్ ఇచ్చే మొదటి సర్టిఫికెట్‌కి అఫిడవిట్ చాలు, వైద్య పరీక్ష అక్కర్లేదు, 30 రోజుల్లో ఇవ్వాలి అని 2025 చివర్లో అమల్లో ఉన్న 2020 రూల్స్‌లోనే ఉండేది. ఆస్పత్రి పత్రం అప్పట్లో సెక్షన్ 7 సంగతి, అంటే ఆపరేషన్ తర్వాత స్త్రీ లేదా పురుషుడు అని మార్పించుకునేటప్పుడు. యాప్ రెండింటినీ కలిపేసింది. ఆపరేషన్ చేయించుకుంటేనే గుర్తిస్తామనడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) కేసు తీర్పులో ఎప్పుడో చెప్పింది కదా! ఏమీ తెలియని పిల్ల ఈ జవాబు చదివితే అప్లికేషనే మానేస్తుంది, లేదంటే అప్పు చేసి ఆపరేషన్‌కి పరుగెడుతుంది.

మిగతావీ అడిగి చూశాను. ఆడవాళ్ల బట్టల్లో కనిపిస్తే వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చన్న నిజాం కాలపు తెలంగాణ చట్టం ఇంకా అమల్లో ఉందంది. దాన్ని హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. భర్త, అత్తింటివాళ్ల వేధింపులపై పాత ఐపీసీలోని 498ఏ కేసు పెట్టడానికి ట్రాన్స్ మహిళకు వీల్లేదంది. పెట్టొచ్చని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జూన్‌లో చెప్పింది. తప్పు చూపిస్తే క్షమించండి అంటుంది, కొత్త చాట్ తెరిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

రేటింగ్ 5కి 2, ఆ రెండూ తెలుగుకే. చందా ఆపేశాను. యాప్ వాళ్లు ప్రతి జవాబు కింద సెక్షన్ అసలు పాఠం, తీర్పు తేదీ చూపిస్తే సగం ప్రమాదం తప్పుతుంది. అప్పటిదాకా టైపింగ్‌కి మాత్రమే వాడండి, ఆధార్ అప్‌లోడ్ చేయకండి. చట్టం గురించి అనుమానముంటే 15100కి ఫోన్ చేయండి, జాతీయ న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ అది, 2014 తీర్పు కోసం కోర్టుకు వెళ్లింది కూడా ఆ సంస్థే.