పనస చెక్క ఎలక్ట్రిక్ గిటార్: ఏళ్ల తరబడి వాయించాక

ముందే చెప్పేస్తాను. ఎలక్ట్రిక్ గిటార్ ఇంట్లోనే చేసుకోవాలనుకుంటే డబ్బూ ఓపికా నెక్ మీద, అంటే తీగలు నొక్కి పట్టే పొడవాటి కాడ మీద పెట్టండి. బాడీకి ఏ మంచి చెక్కయినా సరిపోతుంది. నా గిటార్ కొన్నాళ్లు విశాఖ ఉప్పుగాలిలో, ఆ తర్వాత హైదరాబాద్ ఎండల్లో ఉంది. ఏళ్లు గడిచినా నాది ఇదే మాట.

బాడీ పనస చెక్క. బొబ్బిలి వీణ దానితోనే చేస్తారు, ఉత్తరాంధ్రవాణ్ణి కాబట్టి నాకు ఇంకో చెక్క తోచలేదు. అయితే పనస వేస్తే వీణ నాదం వస్తుందని ఆశపడకండి. వీణకు దొలిచిన కుండ ఉంటుంది, నాదాన్ని పెంచేది అదే. ఎలక్ట్రిక్ గిటార్‌లో స్టీలు తీగ కదలికను పికప్‌లోని అయస్కాంతం, రాగితీగ చుట్ట పట్టుకుంటాయి. పికప్ ఎత్తు కాస్త మారిస్తే ఆంప్‌లో (ఆంప్లిఫయర్‌లో) వచ్చే తేడా, చెక్క మారిస్తే వచ్చే తేడా కంటే పెద్దదని నా చెవికి అనిపించింది. క్వీన్ బృందం గిటారిస్ట్ బ్రయాన్ మే 1963లో వాళ్ల నాన్నతో కలిసి మొదలుపెట్టిన గిటార్‌నే చూడండి. నెక్ పాత ఫైర్‌ప్లేస్ చెక్క, పురుగు తొలిచిన రంధ్రాల్లో అగ్గిపుల్లలు కూరారు. 2002లో బకింగ్‌హామ్ ప్యాలెస్ పైకప్పు మీద ఆయన వాయించింది దాన్నే.

పనసతో నాకు దక్కింది వేరే. ఉలికి బాగా లొంగుతుంది, భుజానికి బరువనిపించదు. ఇక ఆ రంగు! కొత్తలో పసుప్పచ్చగా ఉన్న చెక్క ఇప్పుడు ముదురు గోధుమ రంగుకి తిరిగింది. గీతలు పడకుండా బాడీ మీద బిగించే పలక, పిక్‌గార్డ్, విప్పితే దాని కింద మాత్రం ఇంకా పసుపే. అడితిలో చేవ చూసి కొనండి. అంచున ఉండే తెల్లచెక్క చౌకగా వస్తుంది గానీ, పుచ్చు ముందు పట్టేది దానికే.

నెక్ టేకు. పడగొట్టిన ఓ పెంకుటింటి ద్వారబంధం నుంచి కోయించాను. అన్నేళ్లు ఎండిన చెక్క కొత్తగా వంకర తిరగదని మా వీధి వడ్రంగి గారు అన్నారు, అదే నిజమైంది. మూడు బద్దలుగా చీల్చి, మధ్య బద్దను తిప్పి అతికించాం. టేకులో నూనె ఉంటుంది కాబట్టి జిగురు రాసే ముందు థిన్నర్‌తో తుడవాలి. ఇంత గట్టి చెక్కలో కూడా ట్రస్ రాడ్, అంటే నెక్ వంపును సరిచేసే లోపలి ఇనుప కడ్డీ, పెట్టాల్సిందే. 10-46 తీగల సెట్ (సన్న తీగ అంగుళంలో వెయ్యింట 10 వంతులు, లావు తీగ 46 వంతుల మందం) బిగిస్తే నెక్ మీద దాదాపు 45 కిలోల లాగుడు పడుతుంది. వానాకాలంలో విశాఖలో నెక్ కొంచెం ముందుకు వంగేది. నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లే ఫ్రెట్లు. మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి పట్టుకుని ఏడో ఫ్రెట్ మీద తీగ కింద విజిటింగ్ కార్డు దూర్చి చూస్తాను. తగిలీ తగలనట్టు పడితే సరి, వదులుగా ఆడితే ట్రస్ రాడ్ పావు చుట్టు బిగిస్తాను. ఆ రాడ్ లేకపోయి ఉంటే ఈ గిటార్ ఎప్పుడో అటకెక్కేది.

అన్నిటికంటే టెన్షన్ పెట్టే పని ఫ్రెట్లది. వీణ మెట్లు మైనంలో ఉంటాయి, కరిగించి మళ్లీ సర్దుకోవచ్చు. గిటార్ ఫ్రెట్‌కి గాడి ఒకసారి కోశాక అంతే. 648 మిల్లీమీటర్ల స్కేల్‌కి (తీగ మోగే పొడవుకి) మొదటి ఫ్రెట్ నట్ నుంచి, అంటే నెక్ పైకొసన తీగలు ఆనే చిన్న పట్టీ నుంచి, 36.4 మిల్లీమీటర్ల దూరంలో రావాలి. మిగిలిన పొడవును ప్రతిసారీ 17.817తో భాగించి, వచ్చినదాన్ని కలుపుకుంటూ పోవాలి. ప్రతి కొలతా నట్ దగ్గర్నుంచే తీసుకోండి. ఒక ఫ్రెట్ నుంచి ఇంకో ఫ్రెట్‌కి కొలుస్తూ పోతే చిన్న చిన్న తేడాలన్నీ పోగుపడతాయి. పన్నెండో ఫ్రెట్ సరిగ్గా సగంలో, 324 దగ్గర పడాలి.

హైదరాబాద్ వచ్చిన తొలి వేసవిలో నెక్ మీద ఫ్రెట్లు దిగే పలక, రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డ్, ఎండి కాస్త కుంచించుకుపోయింది. ఫ్రెట్ల మొనలు బయటికొచ్చి అరచేతికి గీసుకున్నాయి. సన్న ఆకురాయితో అంచులు రుద్ది, బోర్డుకి కొద్దిగా నూనె పట్టిస్తే సరిపోయింది. ఆ తర్వాత మళ్లీ ఆ బాధ లేదు.

పాలిష్‌కి వాడింది స్పిరిట్‌లో కరిగించిన లక్క. అందంలో దానికి సాటి లేదు. కానీ కుడి మోచెయ్యి ఆనే చోట చెమటకి మసకబారుతుంది. ఊరటేమిటంటే, గుడ్డతో అక్కడికక్కడే మళ్లీ పూత వేయొచ్చు. నెక్ వెనక మాత్రం లక్క వద్దు, చెయ్యి అతుక్కుంటుంది. నూనె పూతే హాయి.

రెండు చుట్టలతో రొదను తగ్గించే హంబకర్ పికప్‌లు కొనే వేశాను. ట్యూబ్‌లైట్లు, ఇన్వర్టర్లు ఉన్న ఇళ్లలో ఒకే చుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్ గుయ్‌మంటూనే ఉంటుంది. లోపలి గుంటలకు రాగి టేపు అంటించి, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి నుంచి ఎర్త్ వైరు లాగితే చాలావరకు నిశ్శబ్దం. ఇంట్లో ఎర్తింగే లేకపోతే ఇవేవీ పూర్తిగా పనిచేయవు. తీగలు బిగించే చౌక ట్యూనర్లు త్వరగానే వదులైపోయాయి, మార్చాను. ఉప్పుగాలికి బ్రిడ్జి స్క్రూలు తుప్పు పట్టాయి, స్టెయిన్‌లెస్‌వి వేశాను.

ఖర్చు కలిసొస్తుందని మాత్రం దిగకండి. అదే డబ్బుకి ఫ్యాక్టరీ గిటార్ మంచిదే దొరుకుతుంది. చెక్కపని ఇష్టమై, ఆ తీరిక ఉంటేనే చేయండి. నాకైతే ఇప్పటికీ చేతికి ముందు ఇదే వస్తుంది.

సన్న తీగల కింద మొదటి మూడు ఫ్రెట్లు ఇప్పుడు గుంటలు పడ్డాయి. ఒకసారి సమం చేయించాను, ఇక రుద్దడానికి లోహం మిగల్లేదు. ఈసారి నికెల్ సిల్వర్ కాకుండా స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రెట్లు వేయిస్తున్నాను. కోయడానికి, రుద్దడానికి కష్టమే గానీ అరుగుదల చాలా తక్కువ.