చార్మినార్ పక్కన నిమ్రాలో ఇరానీ చాయ్

లాడ్ బజార్‌లో గాజులు కొనడం అయిపోగానే ఆటో ఎక్కేయకండి, చార్మినార్ దాటి మక్కా మసీదు వైపు నాలుగడుగులు వేస్తే నిమ్రా కేఫ్ వస్తుంది, అక్కడ ఒక చాయ్ తాగాకే వెళ్లండి. డికాక్షన్ వేరుగా మరిగించి, పాలు వేరుగా చిక్కబడేదాకా కాచి కప్పులో కలుపుతారు కాబట్టి ఇంట్లో పెట్టుకునే టీలా ఉండదు, మీగడ రుచి నాలుక మీద చాలాసేపు నిలుస్తుంది. ఉస్మానియా బిస్కెట్ మాత్రం వేడివేడిగా వచ్చినప్పుడే తీసుకోండి. తీపితో పాటు కాస్త ఉప్పు తగులుతుంది, అబ్బా, అదే దాని అసలు మజా! చాయ్‌లో ముంచి వెంటనే తీసేయాలి, లేకపోతే విరిగి అడుగుకి పోతుంది. పెద్ద కాఫీ షాపుల్లో ఇంత తృప్తి నాకెప్పుడూ దొరకలేదు. తీరిగ్గా కూర్చోవడం కుదరదు, జనం మధ్య నిలబడే తాగాలి. పొద్దున్నే వెళ్తే మేలు.