గారిబాల్డీ బిస్కట్: బెర్మండ్సీ దాకా వెళ్ళాలా, సూపర్‌మార్కెట్ చాలా?

లండన్‌లో ఒక టీ దుకాణం. గారిబాల్డీ బిస్కట్లు రెండు, టీ ఒకటి: 6 పౌండ్ల 80 పెన్నీలు. పళ్ళెంలో వచ్చింది మాత్రం మందపాటి వెన్న బిస్కట్, పైన నాలుగు కిస్‌మిస్‌లు! శుద్ధ మోసం. అసలు గారిబాల్డీలో పండు పలుచని రెండు పిండి పొరల మధ్య నలిగి ఉంటుంది. అక్కడివాళ్ళు వేళాకోళంగా 'నలిగిన ఈగల బిస్కట్' అనేది అందుకే. ఈగలు పైన వాలి ఉంటే తిప్పి పంపేయండి.

దీన్ని 1861లో మార్కెట్లోకి తెచ్చింది లండన్ బెర్మండ్సీలోని పీక్ ఫ్రీన్ కంపెనీ. అంతకు ముందు ఏడాదే సిసిలీని గెలిచిన ఇటలీ వీరుడు గారిబాల్డీ పేరు పెట్టారు. 1864లో ఆయన లండన్ వస్తే జనం వీధులు నింపేశారు. ఫ్యాక్టరీ 1989లో మూతపడింది. లండన్ మెట్రో జూబిలీ లైన్‌లో బెర్మండ్సీ స్టేషన్‌లో దిగి, ఆ ఫ్యాక్టరీ ఉన్న డ్రమండ్ రోడ్డుకు నడవచ్చు గానీ, కాల్చిన పిండి వాసన ఆశించొద్దు. ఇప్పుడక్కడ ఆఫీసులున్నాయి. పిల్లలు వెంట ఉంటే పది నిమిషాల్లోనే విసుగు మొదలవుతుంది.

సూపర్‌మార్కెట్ ప్యాకెట్టే నయం, రెండు పౌండ్ల లోపే. ఒక్కో బిస్కట్ సుమారు 10 గ్రాములు, 40 కేలరీలు. కొవ్వు డైజెస్టివ్‌లో ఉన్నదాంట్లో సగానికి అటూ ఇటూ. అలాగని ఆరోగ్యమని మురిసిపోవద్దు: బరువులో మూడో వంతు దాకా చక్కెరే. ఎండుద్రాక్షది కూడా చక్కెరే కదా. మన హైదరాబాదు ఫ్రూట్ బిస్కట్‌లోని టూటీ ఫ్రూటీ దీంట్లో ఉండదు.

శాకాహారులైతే, ఎవరైనా ఇంట్లో చేసినవాటిని అడిగి తినాలి. పాత పద్ధతిలో పంది కొవ్వు కలుపుతారు, పైన గుడ్డు సొన పూస్తారు.

మీరే చేసుకుంటే గొడవ లేదు. సెల్ఫ్ రైజింగ్ మైదా (బేకింగ్ పౌడర్ కలిపి అమ్మేది) 110 గ్రాములు, వెన్న 50, చక్కెర 30, పాలు రెండు పెద్ద చెంచాలు. పిండి వత్తి, సగం మీద 50 గ్రాముల కొరింత్ ఎండుద్రాక్ష (ఇంగ్లిష్‌లో కరెంట్స్) చల్లి, మడిచి, మళ్ళీ 3 మిల్లీమీటర్ల మందానికి వత్తాలి. పైన పాలు పూసి ఓవెన్‌లో 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర 12 నిమిషాలు. కొరింత్ రకం బుల్లిది కాబట్టి సరిపోతుంది. పెద్ద కిస్‌మిస్ వేస్తే పొర చిరుగుతుంది, బయటపడ్డ పండు మాడి చేదెక్కుతుంది.

ఊరికి తెచ్చేటట్టయితే ప్యాకెట్‌ను చేతి సంచిలోనే పెట్టండి. సూట్‌కేసులో నలిగితే పొడే. విప్పాక గాలి చొరని డబ్బాలో వేయాలి, లేకపోతే మెత్తబడతాయి.