కెల్టిక్ నాణేలు కొనేవారికి హెచ్చరిక: ‘జెర్సీ నిధి’ పేరుతో అమ్ముతున్న పోత నకళ్లు

ప్రాచీన ఐరోపాలోని కెల్ట్ తెగలు ముద్రించిన కెల్టిక్ నాణేలు సేకరించే మిత్రులందరికీ ఈ హెచ్చరిక. ‘జెర్సీ ద్వీపంలో 2012లో దొరికిన నిధిలోని కొరియోసొలిటే స్టేటర్’ అన్న వర్ణనతో (కొరియోసొలిటే ఒక కెల్టిక్ తెగ, స్టేటర్ ఒక రకం నాణెం) అంతర్జాల వేలాల్లో ఒక విక్రేత అమ్ముతున్న నాణేలు అసలైనవి కావు. ఒకే నాణెం నుంచి మూస తీసి, లోహం కరిగించి పోసిన నకళ్లు అవి. నేనూ, ఇంగ్లండ్‌లోనే వేరే ఊళ్లో ఉండే మరో తెలుగు మిత్రుడూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే అతని దగ్గర చెరొకటి కొన్నాము. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు విషయం బయటపడింది. విక్రేత పేరు ఇక్కడ రాయడం లేదు. అతడు ఇప్పటికే ఒకసారి ఖాతా పేరు మార్చాడు, కాబట్టి పేరుకన్నా అతని పద్ధతినీ, ఆ నాణేల ఆనవాళ్లనూ గుర్తుపెట్టుకోవడమే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

మొదట ఆ వర్ణననే పరిశీలించాలి. కొరియోసొలిటేలు నేటి ఫ్రాన్స్ వాయవ్య భాగంలోని బ్రిటనీ ప్రాంతంలో నివసించిన తెగ. రోమన్ సేనాని జూలియస్ సీజర్ గాల్ దేశంపై (నేటి ఫ్రాన్స్, దాని పరిసరాలు) దండెత్తిన క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో వారు వెండి తక్కువ, రాగి ఎక్కువ ఉన్న మిశ్రలోహంతో స్టేటర్లు ముద్రించారు. ఆ నాణేలే ప్రధానంగా ఉన్న దాదాపు 70 వేల నాణేల ముద్ద 2012లో, ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల నడుమ ఇంగ్లిష్ చానల్‌లో ఉన్న జెర్సీ ద్వీపంలో బయటపడింది. తుప్పుతో ఒకదానికొకటి అతుక్కుపోయిన ఆ నాణేలను విడదీయడానికే నిపుణులకు ఏళ్లు పట్టింది. ఆ నిధిని 2021లో జెర్సీ ప్రభుత్వం 42.5 లక్షల పౌండ్లు చెల్లించి ప్రజల సొత్తుగా ఉంచుకుంది. అంటే ఆ నిధిలోని నాణేన్ని ఒక ప్రైవేటు విక్రేత వేలంలో పెట్టే అవకాశమే లేదు. కొరియోసొలిటే నాణేలు అంగడిలో చట్టబద్ధంగానూ దొరుకుతాయి, ఎందుకంటే పాత నిధుల నుంచి వచ్చి ఎన్నో చేతులు మారినవి ఉన్నాయి. కానీ 2012 నిధి పేరు చెప్పి అమ్మేవాడు అబద్ధమైనా చెబుతుండాలి, దొంగ సొత్తైనా అమ్ముతుండాలి. రెండింట్లో ఏదైనా మనం దూరంగా ఉండవలసిందే.

ఇక నాణేల సంగతి. అసలైన కొరియోసొలిటే స్టేటర్లు సాధారణంగా 6 గ్రాములకు పైగా తూగుతాయి. మాకు వచ్చినవి రెండూ 5.5 గ్రాములకు దిగువనే ఉన్నాయి. బరువు ఒక్కటే అయితే తుప్పు వల్ల తగ్గిందని సరిపెట్టుకోవచ్చు. అంచు మాత్రం అలా సరిపెట్టుకోనివ్వదు. రెండు నాణేలకూ గడియారంలో మూడు గంటల స్థానం దగ్గర ఒకే పొడవున, ఒకే వంపుతో పగులు ఉంది. సమ్మెట దెబ్బకు లోహపు బిళ్ల చీలినప్పుడు ఆ చీలిక పదునుగా, లోతుగా ఉంటుంది, పైగా ఏ నాణేనికి ఆ నాణేనికే ప్రత్యేకంగా ఉంటుంది. ఈ రెండింటిలో పగులు అడుగు గుండ్రంగా పూడిపోయి ఉంది, అంటే అది చీలిక కాదు, చీలిక బొమ్మ. అంచు చుట్టూ ఆకురాయితో అరగదీసిన సన్నటి గీతలు కనిపించాయి. మూస రెండు సగాలు కలిసిన చోట ఏర్పడే గీతను దాచడానికి చేసిన పని అది. భూతద్దంలో చూస్తే నాణెంపై ఉన్న గుర్రం బొమ్మ మెడ దగ్గర సూదిమొనంత గుంటలు, గాలి బుడగలు పగిలినవి, స్పష్టంగా ఉన్నాయి. ఆకుపచ్చ చిలుము అసిటోన్‌లో ముంచిన దూదికి అంటుకుని వచ్చేసింది. నేలలో శతాబ్దాల పాటు ఏర్పడిన చిలుము అసిటోన్‌కు కదలదు, పూసిన రంగే కదులుతుంది.

ఇవన్నీ ఫొటోలతో సహా పంపినప్పుడు అతడిచ్చిన మొదటి సమాధానం నన్ను ఎక్కువగా బాధించింది. గీతలు మసకగా, ముద్దముద్దగా ఉండటం కెల్టిక్ కళ లక్షణమనీ, అది అమూర్త కళ కనుక స్పష్టత ఆశించకూడదనీ రాశాడు. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారు ఈ మాటకు లొంగిపోయే ప్రమాదం ఉంది. ఈ కళను అంతగా అవమానించే మాట మరొకటి లేదు కనుక దీని గురించి కొంత విపులంగా రాస్తున్నాను.

ఈ నాణేల రూపకల్పనకు మూలం మాసిడోనియా రాజు రెండవ ఫిలిప్ ముద్రించిన బంగారు స్టేటర్. దానికి ఒకవైపు ఆకుల దండ ధరించిన గ్రీకు దేవుడు అపోలో తల, మరోవైపు రెండు గుర్రాలు పూన్చిన రథమూ సారథీ ఉంటాయి. ఆ నాణేలు కిరాయి సైనికుల జీతాలుగా ఉత్తరానికి చేరాయని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. గాల్ తెగలు మొదట వాటిని దాదాపు యథాతథంగా అనుకరించాయి, తరువాత రెండు మూడు శతాబ్దాలలో తమ చూపుతో పూర్తిగా తిరగరాశాయి. రెండు గుర్రాలు ఒక గుర్రం అయ్యాయి. రథం మాయమై ఒక చక్రం మాత్రం గుర్రం దగ్గర ఒంటరిగా మిగిలింది. సారథి కొన్ని తెగల నాణేలపై గుర్రం వీపు పైన తేలే గీతలుగా, చుక్కలుగా మారిపోయాడు. ఆర్మోరికా (బ్రిటనీ, దాని పరిసరాల ప్రాచీన నామం) తెగలలో కొందరు గుర్రానికే మనిషి తల పెట్టారు. కొరియోసొలిటేల నాణెంపై అపోలో జుట్టు పెద్ద పెద్ద సుడులుగా చుట్టుకుని సగం బిళ్లను ఆక్రమిస్తుంది, బొరుసు వైపు గుర్రం కడుపు కింద అడవి పంది, కొన్ని రకాల్లో లైర్ వాద్యం, కనిపిస్తాయి. ఇంగ్లిష్ చానల్‌కు ఇవతల, నేటి డోర్సెట్ ప్రాంతపు డ్యూరోట్రైజెస్ తెగ నాణేలలో ఈ ప్రయాణం చివరి అంచుకు చేరింది. అక్కడ ముఖం పూర్తిగా కరిగిపోయి దండ, జుట్టు ఆనవాళ్లే మిగిలాయి, గుర్రం విడివిడి గీతలుగా, చుక్కలుగా విడిపోయింది.

ఇంత విడిపోయినా అందులో ఏ చుక్కా తోచినట్టు పెట్టినది కాదు. ముగ్గులో చుక్కల లెక్క తెలిసిన చేయి గీసిన గీతకూ, తెలియని చేయి గీసిన గీతకూ ఉండే తేడా ఇక్కడా ఉంటుంది. ప్రతి చుక్కకూ ఒక వంశం ఉంది: ఇది ఒకప్పటి చక్రపు ఇరుసు, ఇది సారథి తల, ఇది దండలోని ఆకు. అచ్చు చెక్కిన కళాకారుడికి ఆ వంశం తెలుసు. అతడు రూపాన్ని విడదీశాడు గానీ గీతను సడలనివ్వలేదు. అసలైన నాణెం ఎంత అరిగినా, అరగని పల్లాల్లో గీత గోడలు నిటారుగా, చుక్కలు గుండ్రంగా, ఒకదానికొకటి అంటకుండా ఉంటాయి. పోత నాణెంలో పల్లాలు కూడా మెత్తబడతాయి, చుక్కల మధ్య సందులు పూడిపోతాయి. అరుగుదల ఎత్తైన చోట్లనే జరుగుతుంది, పోత వల్ల వచ్చే మసక అన్నిచోట్లా సమానంగా ఉంటుంది. కళ అమూర్తమా కాదా అన్నదానితో దీనికి సంబంధమే లేదు.

ఇంకొక విషయం ఈ నకళ్లను పట్టిస్తుంది. కెల్టిక్ నాణేలలో చాలావాటికి అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. అందువల్ల ఏ ఒక్క నాణెంపైనా బొమ్మ మొత్తం పడదు, ఒకదానిపై గుర్రం ముక్కు తెగిపోతే మరొకదానిపై తోక తెగిపోతుంది. ఒకే అచ్చుతో కొట్టిన పది నాణేలను కలిపి చూస్తే గానీ పూర్తి బొమ్మ తెలియదు, ఈ సేకరణలోని ఆనందంలో నాకు సగం అదే. ఒకే అచ్చు నుంచి వచ్చిన రెండు నాణేలుండటం సహజమే. కానీ రెండింటిలోనూ బొమ్మ సరిగ్గా ఒకే చోట తెగిపోవడం, బిళ్ల ఆకారం కూడా ఒకటే కావడం సమ్మెటతో కొట్టిన నాణేలలో జరగదు. ఇందుకు విరుద్ధంగా, కొత్తగా అచ్చు చెక్కి తయారుచేసే నకళ్లూ ఉన్నాయి. వాటిలో బొమ్మ మొత్తం అంచుల దాకా చక్కగా, మధ్యకు సరిపడా కూర్చుని ఉంటుంది. అంత పూర్ణంగా కనిపించే కెల్టిక్ నాణెం తక్కువ ధరకు వచ్చిందంటే సంతోషించక ముందు అనుమానించండి.

మొదటి సమాధానం నిలవకపోయేసరికి, ఇవి ‘ఆ కాలపు నకళ్లు’ కావచ్చునని విక్రేత మాట మార్చాడు. ఆ కాలంలోనూ దొంగ నాణేలు ఉండేవన్నది నిజమే. రాగి లేదా కంచు బిళ్లపై బంగారమో వెండో తొడిగి ముద్రవేసినవి తవ్వకాలలో దొరికాయి, వాటినీ సేకర్తలు ఆదరంగానే కొంటారు. అయితే వాటిపై పూసిన చిలుము, ఆకురాయి గీతలు ఉండవు. అతడు నాణెంతో పంపిన ‘యథార్థతా పత్రం’ అతనే ముద్రించుకున్నది, అందులో నాణెం ఫొటో గానీ బరువు గానీ పూర్వ యజమానుల వివరం గానీ లేదు. అన్నిటికంటే విచిత్రం, పొట్లంపై కస్టమ్స్ ప్రకటనలో ‘లోహపు అలంకార వస్తువు’ అని రాసి ఉంది. కొనుగోలుదారుకు రెండువేల ఏళ్ల నాణెమనీ, సుంకం అధికారులకు అలంకార వస్తువనీ చెప్పిన మనిషి చివరకు వాపసు ఇవ్వనన్నాడు. నేను కొనుగోలుదారు రక్షణ ఉన్న పద్ధతిలో చెల్లించడం వల్ల, ఆ ప్రకటన ఫొటోనే సాక్ష్యంగా పెట్టి సొమ్ము వెనక్కి రాబట్టగలిగాను. మిత్రుడిని మాత్రం అతడు ‘కొంచెం తగ్గిస్తాను, స్నేహితులకు పంపినట్టు పంపండి’ అని ఒప్పించాడు. ఆ పద్ధతిలో పంపిన డబ్బుకు రక్షణ ఉండదు, అందుకే అతని సొమ్ము ఇప్పటికీ తిరిగి రాలేదు. విక్రేత ఏ కారణం చెప్పినా ఆ పద్ధతిలో చెల్లించకండి.

శాతవాహనుల సీసపు నాణేలతో అలవాటున్న మన సేకర్తలు ఈ రంగంలోకి వచ్చినప్పుడు ఒక జాగ్రత్త పాటించాలి. సీసంపై చిలుము చూసి వయసు అంచనా వేసే కన్ను ఈ మిశ్రలోహం దగ్గర పనికిరాదు. అసలైనవాటిని చేతిలో పట్టుకుని చూడడానికి మ్యూజియంలకు, నాణేల ప్రదర్శనలకు వెళ్లండి. వెళ్లలేనివారికి ఆక్స్‌ఫర్డ్‌లో 1960ల ఆరంభం నుంచి నిర్వహిస్తున్న కెల్టిక్ నాణేల సూచికలో వేలకొలది నాణేల ఫొటోలు ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. కొనబోయే నాణెం ఏ రకమో తెలుసుకుని, ఆ రకపు ఫొటోలన్నీ చూసి, బరువు పోల్చుకున్న తరువాతే ధర మాట్లాడండి. బ్రిటిష్ నాణేల వర్తకుల సంఘంలో గానీ, అంతర్జాతీయ వృత్తి నాణేల వర్తకుల సంఘంలో గానీ సభ్యులైనవారు నకలని తేలితే సొమ్ము తిరిగి ఇవ్వడానికి కట్టుబడి ఉంటారు. ధర కొంత ఎక్కువైనా ఆ హామీకి విలువ ఉంది.

నాణెం అసలైనదే అయినా అది ఎక్కడి నుంచి వచ్చిందో అడగడం మానవద్దు. 1980లలో ఇంగ్లండ్‌లోని సర్రీలో వాన్‌బరో ఆలయ స్థలాన్ని రాత్రివేళ తవ్వి వేలకొలది నాణేలు దోచుకుపోయారు. 2022 నవంబరులో జర్మనీలోని మాంఖింగ్ మ్యూజియం నుంచి 483 కెల్టిక్ బంగారు నాణేలు దొంగిలించారు, వాటిలో కొంత భాగం కరిగించిన ముద్దలుగా మాత్రమే పోలీసులకు దొరికింది. ఎక్కడ దొరికిందో తెలియని నాణెం బొమ్మ మనకు చెప్పగలిగినది కొంతే, మిగతా చరిత్ర ఆ మట్టితోనే పోతుంది.

జెర్సీ పేరుతో వచ్చిన కొరియోసొలిటే నాణెం మీ దగ్గర ఉంటే దాన్ని శుభ్రం చేయకండి, ఎవరికీ తిరిగి అమ్మకండి. రెండు వైపులా, అంచు చుట్టూ ఫొటోలు తీయండి, 0.01 గ్రాము వరకు తూచి రాసుకోండి, పొట్లంపై ఉన్న కస్టమ్స్ కాగితాన్ని దాచండి. మూడు గంటల స్థానంలో పగులు కనిపిస్తే మీరు డబ్బు పంపడానికి వాడిన చెల్లింపు సంస్థకు ఈరోజే ఫిర్యాదు చేయండి, అలాంటి ఫిర్యాదులకు గడువు ఉంటుంది. మీ ఫొటోలు మాకూ పంపితే, ఇదే మూస నుంచి వచ్చినవాటన్నిటినీ ఒకచోట చేర్చి వేలం సంస్థకు ఉమ్మడి ఫిర్యాదు ఇవ్వడానికి నేనూ మిత్రుడూ సిద్ధంగా ఉన్నాము.