లిఫ్ట్ చేశాక బండి రోడ్డు మీద తేలిపోతోందా: అడ్జస్టబుల్ లోయర్ కంట్రోల్ ఆర్మ్స్ ఆరు నెలలు వాడాక నా మాట

నాది జీప్ రాంగ్లర్ జేకే, రెండున్నర అంగుళాల లిఫ్ట్ (అంటే సస్పెన్షన్‌తో బండిని అంత పైకి లేపడం), 35 అంగుళాల టైర్లు. లిఫ్ట్ వేసిన రోజు నుంచి 80 దాటితే చాలు స్టీరింగ్‌తో కుస్తీయే. ఒకే పక్కకి లాగడం కాదు, కాసేపు కుడికి జారుతుంది, సర్దితే ఎడమకి పోతుంది, మళ్ళీ సర్దాలి, ఇలా గంట నడిపేసరికి భుజాలు పట్టేసేవి, పక్కనుంచి పెద్ద లారీ దాటితే గుండె ఝల్లుమనేది. ఇంకోటి, మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది మధ్యకి వచ్చేది కాదు, నేనే తిప్పి తెచ్చుకోవాలి. ఈ లక్షణం మీ బండిలో కూడా ఉంటే మిగతాది తప్పకుండా చదవండి, నాకు అసలు జబ్బు దొరికింది దీనివల్లే.

అందరూ చెప్పినట్టే మొదట స్టీరింగ్ డ్యాంపర్ మార్చాను, ఉన్నదానికంటే బాగా లావుది. స్టీరింగ్ బరువెక్కింది అంతే, బండి తేలడం ఇసుమంత కూడా తగ్గలేదు. డ్యాంపర్ ఉన్నది గుంటలో పడ్డప్పుడు వచ్చే కుదుపుని మింగడానికి, బండిని నేరుగా నిలబెట్టడానికి కాదు. పైగా ఏదన్నా జాయింట్ అరిగితే దాన్ని దాచిపెట్టేస్తుంది, అందుకే తేలడానికి మందుగా డ్యాంపర్‌ని నేను ఎవరికీ చెప్పను.

అసలు సంగతి క్యాస్టర్. సైకిల్ ముందు ఫోర్క్ చూడండి, పైభాగం వెనక్కి వాలి ఉంటుంది, చేతులు వదిలేసినా సైకిల్ నేరుగా పోవడానికి ఆ వాలు కూడా ఒక కారణం. మన చక్రాలకీ అలాంటి వాలే ఉంటుంది, దాన్నే క్యాస్టర్ అంటారు. ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు) ఉన్న బండిని పైకి లేపితే, ఆ యాక్సిల్‌ని చాసిస్‌కి పట్టి ఉంచే కడ్డీలు, అంటే కంట్రోల్ ఆర్మ్స్, కిందికి వాలతాయి, దాంతో యాక్సిల్ పైభాగం ముందుకి తిరిగిపోతుంది, ఆ వాలు తగ్గిపోతుంది. జేకేకి కంపెనీ లెక్క 4.2 డిగ్రీల దగ్గర ఉంటుంది, నా అలైన్‌మెంట్ షీట్‌లో ఎడమ 2.6, కుడి 2.9 అని వచ్చింది. ఆ కాగితం చూశాకే నాకు దారి కనపడింది. మీరు కూడా ఏ పార్టూ కొనకముందు ఆ షీట్ తీయించండి.

షీట్ చూడగానే ఆర్మ్స్ ఆర్డర్ పెట్టేయలేదు, ముందు బండి కింద చూశాను. టైర్లు నేల మీదే ఉంచి ఇంజన్ ఆన్ చేసి, ఒకళ్ళు స్టీరింగ్‌ని కొంచెం అటూ ఇటూ ఆడిస్తుంటే నేను కింద పడుకుని ఒక్కో జాయింట్ దగ్గర వేలు ఆనించి చూశాను. టై రాడ్ (రెండు ముందు చక్రాలనీ కలిపే కడ్డీ) బానే ఉంది, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రానికి వెళ్ళే కడ్డీ) బానే ఉంది, యాక్సిల్ పక్కలకి జరక్కుండా పట్టుకునే ట్రాక్ బార్‌కి యాక్సిల్ వైపు బోల్టు దగ్గరికి వచ్చేసరికి వేలికి సన్నగా టిక్, టిక్ అని తగిలింది. కళ్ళకి ఏమీ కనపడలేదు, వేలికి మాత్రం తెలిసింది. దాన్ని 125 పౌండ్-ఫీట్, అంటే సుమారు 170 న్యూటన్ మీటర్లకి టార్క్ రెంచితో బిగిస్తే స్టీరింగ్‌లో ఉన్న ఖాళీ చాలావరకు పోయింది. టైర్లలో గాలి 36 పీఎస్ఐ నుంచి 28కి తగ్గించాను. టైరు మీద చాక్‌పీస్ గీత గీసి కొంచెం నడిపితే మధ్యలో మాత్రమే చెరుగుతోంది, అంటే గాలి ఎక్కువై టైరు మధ్య భాగమే నేలని పట్టుకుంటోందన్నమాట. ఈ రెండిటికీ ఖర్చు లేదు, కొంత తేడా వచ్చింది, కానీ మలుపులో స్టీరింగ్ వెనక్కి రాకపోవడం అలాగే ఉంది. అప్పుడు కొన్నా ఈ ఆర్మ్స్.

ఇక సరుకు. మందమైన పైపు, ఒక చివర రబ్బరు బుష్, రెండో చివర విప్పి మళ్ళీ కట్టుకోగలిగే జాయింటు, దానికి గ్రీజు నిపిల్, పొడవు మార్చడానికి థ్రెడ్లు, ఆ మీద లాక్ నట్టు. వెల్డింగ్ చూస్తే చేయి తిరిగినవాడు వేసినట్టుంది, ఎక్కడా తెగలేదు, థ్రెడ్లు చేత్తో తిప్పితే తిరిగాయి. కింది ఆర్మ్ పొడవు పెంచితే యాక్సిల్ అడుగు ముందుకి పోతుంది, పోయిన వాలు తిరిగొస్తుంది, పని మొత్తం ఇదే. నా బండిలో డిగ్రీకి నాలుగు మిల్లీమీటర్ల చొప్పున పట్టింది. రెండు ఆర్మ్స్ పొడవూ బోల్టు మధ్య నుంచి బోల్టు మధ్యకి కొలిచి సమానంగా పెట్టాలి, తేడా ఉంటే యాక్సిల్ వంకరగా కూర్చుంటుంది.

బిగించేటప్పుడు ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క విప్పండి, రెండూ ఒకేసారి తీస్తే యాక్సిల్ తిరిగిపోయి బోల్టు రంధ్రాలు కలవవు. కలవకపోతే సుత్తితో బాదకుండా రాచెట్ బెల్టుతో యాక్సిల్‌ని కొద్దికొద్దిగా లాగితే బోల్టు దానంతటది జారిపోతుంది. చివరి బిగింపు మాత్రం బండి బరువు టైర్ల మీద ఉన్నప్పుడే చేయాలి, గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్ మెలితిరిగిపోయి తొందరగా చిరుగుతుంది. ఈ మాట వాళ్ళిచ్చిన కాగితంలో ఎక్కడా లేదు, ఇది తప్పకుండా రాయాల్సింది.

క్యాస్టర్ ఎక్కువ ఉంటే మంచిదే కదా అని మొదట 6 డిగ్రీలు దాటించాను. బండి బాణంలా పోయింది, కానీ 90 దగ్గర ఫ్లోర్‌లోంచి సన్నటి వణుకు మొదలైంది. క్యాస్టర్ పెంచితే డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల డబ్బా) మూతి కిందికి వంగుతుంది, ముందు డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ కోణం పెరుగుతుంది, జేకేలో ఆ షాఫ్ట్ టూ వీల్ డ్రైవ్‌లో కూడా తిరుగుతూనే ఉంటుంది కదా. వెనక్కి తగ్గించి 5.2 దగ్గర ఆపాను, వణుకు పోయింది, బండి నిలబడటం తగ్గలేదు. తర్వాత టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేయించి, స్టీరింగ్ నిటారుగా వచ్చేలా డ్రాగ్ లింక్ కూడా సర్దించాను, స్టీరింగ్ వంకరగా ఉంటే ఈఎస్‌పీ (బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) అనవసరంగా కలగజేసుకుంటుంది.

ఇప్పుడు 100లో రెండు వేళ్ళు ఆనిస్తే చాలు. మలుపు అయ్యాక పట్టు కొంచెం వదిలితే స్టీరింగ్ అరచేతుల్లోంచి జారుతూ మధ్యకి వచ్చి ఆగుతుంది, మొదటిసారి అది చూసినప్పుడు కలిగిన ఆనందం నేను మాటల్లో చెప్పలేను. లారీ దాటినా గాలి తగలడం తెలుస్తుంది గానీ బండి లైను వదలదు.

లోపాలు లేవని కాదు. జాయింటు వైపు నుంచి రోడ్డు శబ్దం ముందుకంటే కొంచెం లోపలికి వస్తోంది, గ్రీజు నిపిల్ పైకి తిరిగి ఉండటంతో గన్ పెట్టడం కష్టం. ఇవే డబ్బులతో క్యాస్టర్ సరిచేసే బ్రాకెట్లు కూడా వస్తాయి, అవి ఆర్మ్ వాలుని తగ్గిస్తాయి కాబట్టి గుంటల్లో సుఖం ఎక్కువ, కాకపోతే చాసిస్ కింద వేలాడతాయి, రాళ్ళలో నడిపే నాకు అవి కుదరవు. మీరు ఎక్కువగా రోడ్డు మీదే నడిపితే బ్రాకెట్లే చూడండి. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (రెండు చక్రాలూ విడివిడిగా కదిలేది) ఉన్న బండ్లకి ఈ సంగతేదీ వర్తించదు, వాటికి పై ఆర్మ్స్ చూసుకోవాలి. ఇంకా తేలుతోందని స్టీరింగ్ బాక్స్ మీద స్క్రూ బిగించేవాళ్ళని చూశాను, దయచేసి ఆ పని చేయకండి, ఎక్కువ బిగిస్తే మధ్యలో పట్టేసి లోపలి పళ్ళు అరుగుతాయి.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒకటి తగ్గించింది లాక్ నట్టు కోసం, మొదటి రాళ్ళ దారికే కుడి పక్కది వదులైంది. అప్పట్నుంచి నట్టు మీదా పైపు మీదా కలిపి తెల్ల పెయింట్‌తో ఒక గీత పెట్టి, ప్రతి ట్రిప్ తర్వాత వంగి చూస్తున్నా, ఇప్పటిదాకా గీత కదల్లేదు.