టీమ్ లక్ష్యాలకు షీటా, పనుల టూలా, ఓకేఆర్ సాఫ్ట్‌వేరా: ఏది మేలు?

హనుమకొండలో మాది పద్నాలుగు మంది ఉన్న చిన్న ఆఫీసు. ఆడ్తి (పంట కమీషన్ వ్యాపారుల) దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారు చేస్తాం. కాంటా అయ్యాక రైతు చేతిలో పెట్టే లెక్క చీటీ, అంటే తక్‌పట్టీ, మా ప్రోగ్రామ్ నుంచే ప్రింట్ అవుతుంది. పది మందిమి ఆఫీసులో కూర్చుంటాం. మిగతా నలుగురు సపోర్ట్ వాళ్లు. వాళ్లు రోజూ ఎనుమాముల, కేసముద్రం, జమ్మికుంట మార్కెట్లలో తిరుగుతుంటారు. టీమ్ లక్ష్యాలు రాసుకుని, వారం వారం చూసుకోవడం మొదలుపెట్టి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో మూడు రకాల సాధనాలు వాడాం: గూగుల్ షీటు, రోజువారీ పనులు రాసుకునే టూల్‌లోనే ఉండే గోల్స్, ఓకేఆర్ (ఆబ్జెక్టివ్స్ అండ్ కీ రిజల్ట్స్, లక్ష్యాన్నీ దాన్ని కొలిచే అంకెలనూ రాసుకునే పద్ధతి) కోసమే తయారైన ప్రత్యేక సాఫ్ట్‌వేర్.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇరవై మంది లోపు ఉన్నవాళ్లకు షీటే మేలు. ఒక టీమ్ అంకె ఇంకో టీమ్ పని మీద ఆధారపడే పెద్ద ఆఫీసుకు ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టడం న్యాయం. పనుల టూల్‌లోని గోల్స్ చూడటానికి మధ్యేమార్గంలా కనిపిస్తాయి కానీ, వాటితోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ఎందుకో చెప్తాను.

ఓకేఆర్ పద్ధతికి మూలం చిప్‌లు తయారుచేసే ఇంటెల్ కంపెనీ. 1970లలో ఆండీ గ్రోవ్ అక్కడ దాన్ని నడిపారు. ఇంటెల్‌లో పనిచేసిన జాన్ డోర్ 1999లో దాన్ని గూగుల్‌కు పరిచయం చేశారు. అసలు సూత్రం చాలా చిన్నది. ఎటు పోవాలో ఒక వాక్యంలో రాయాలి, అది ఆబ్జెక్టివ్. అక్కడికి చేరామని ఏ అంకెలు చూసి నమ్ముతామో దాని కింద రాయాలి, అవి కీ రిజల్ట్స్. దీనికి సాఫ్ట్‌వేర్ అక్కరలేదు, గోడ మీద చార్టు చాలు. సాఫ్ట్‌వేర్ అవసరం పడేది ఆ తర్వాత. ఆ అంకె ఇవాళ ఎంత ఉంది, ఎవరు మార్చారు, ఎందుకు మారలేదు అన్నవి మూడు నెలల ఓకేఆర్ చక్రం పొడవునా మరవకుండా చూసుకోవడానికే అది కావాలి.

అందుకే ఫీచర్ల పట్టిక పక్కనపెట్టి నేను ఒకే ప్రశ్న అడుగుతాను. ఆ అంకెకు బాధ్యుడైన మనిషి సోమవారం పొద్దున దాన్ని ఎంత సులువుగా మార్చగలడు? మా దగ్గర ఆ మనిషి చాలాసార్లు మిర్చి బస్తాల మధ్య నిలబడి, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఉంటాడు.

ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కొన్నప్పుడు మేం దెబ్బతిన్నది ఇక్కడే. పేరు అనవసరం, మంచి సాఫ్ట్‌వేరే. పద్నాలుగు మందికీ ఏడాది డబ్బు ముందే కట్టాం. మొదటి నెల స్క్రీన్ నిండా పచ్చ, పసుపు గీతలు చూసి నాకు చాలా సంతోషమేసింది. రెండో నెలలో ఎనుమాముల నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, గది మళ్ల పాస్‌వర్డ్ అడుగుతాంది. నీకు వాట్సాప్ల పెడ్తా, నువ్వే ఎక్కియ్యి." ఎక్కించాను. ఆ వారం నుంచి నలుగురి అంకెలూ నేనే ఎక్కించాను. మూడో నెలలో నాకు వేరే పనులు మీదపడ్డాయి, అంకెలు అక్కడే ఆగిపోయాయి. అంకె ఆగిపోవడం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి ఉంది. ఆ నలుగురికీ అది వాళ్ల లక్ష్యం అన్న భావనే పోయింది. మా సార్ ఎక్కడో రాసుకునే లెక్క అనుకున్నారు.

ఇప్పుడు షీటు సంగతి. దీన్ని మరీ చిన్నచూపు చూస్తారు. మా షీటులో ఒక వరుస ఇలా ఉంటుంది. మొదటి గడిలో "తక్‌పట్టీ ప్రింట్‌కు పట్టే సమయం, సెకన్లలో". తర్వాత మొదలైనప్పటి అంకె 40, ఇవాళ్టి అంకె 30, చేరాల్సిన అంకె 15. ఆ పక్కన బాధ్యుడి పేరు, చివర ఒక వాక్యం: "పాత ప్రింటర్లున్న ఆరు దుకాణాల్లోనే ఆలస్యం". ఆ చివరి వాక్యమే నాకు అన్నిటికన్నా ముఖ్యం. అది లేని అంకె చూసి మీటింగులో ఎవరూ ఏమీ మాట్లాడలేరు.

షీటు వాడేవాళ్లు ఎక్కువగా పొరబడేది శాతం దగ్గర. ఇవాళ్టి అంకెను చేరాల్సిన అంకెతో భాగిస్తారు. పై వరుసలో అలా చేస్తే 30ని 15తో భాగించినట్టు, 200 శాతం వస్తుంది. సగం దారి కూడా రాకముందే రెట్టింపు సాధించినట్టు చూపిస్తుంది. సరైన లెక్క ఇది: ఇవాళ్టి అంకెలోంచి మొదటి అంకె తీసేయాలి, దాన్ని చేరాల్సిన అంకెలోంచి మొదటి అంకె తీసేయగా వచ్చినదానితో భాగించాలి. అంటే మైనస్ 10ని మైనస్ 25తో భాగిస్తే 40 శాతం. అంకె పెరగాల్సినదైనా తగ్గాల్సినదైనా ఈ ఒక్క ఫార్ములానే పనిచేస్తుంది. మంచి ఓకేఆర్ సాఫ్ట్‌వేర్ ఈ లెక్క తనే వేసుకుంటుంది. షీటులో ఒకసారి రాసి, ఆ కాలమ్‌కు తాళం వేసేస్తే చాలు. గూగుల్ షీటులో ఏ గడినైనా ఎవరు ఎప్పుడు మార్చారో ఎడిట్ హిస్టరీలో కనిపిస్తుంది కాబట్టి, "నేను మార్చలేదు" అన్న వాదన కూడా రాదు.

మార్కెట్లో తిరిగే నలుగురికీ షీటు కూడా ఇవ్వలేదు. చిన్న ఫోన్ తెర మీద పదిహేను కాలమ్‌లు పక్కకు జరుపుతూ చూడటం నరకం. మూడు ప్రశ్నల గూగుల్ ఫామ్ చేసి, లింకు వాట్సాప్ గ్రూపులో పిన్ చేశాం. ఏ అంకె, ఇవాళ ఎంత, ఎందుకు. లాగిన్ లేదు, పాస్‌వర్డ్ లేదు. మూడో ప్రశ్నకు వాళ్లు తెలుగులోనే, చాలాసార్లు మైకు నొక్కి మాట్లాడుతూ రాస్తారు. "సర్వర్ మంచిగనే ఉంది, దుకాణం ల నెట్ లేదు" అని వచ్చిన ఆ ఒక్క మాటతో, నెట్ లేకపోయినా తక్‌పట్టీ ప్రింట్ అయ్యేలా చేయాలన్న తర్వాతి లక్ష్యం పుట్టింది. అదే మాట ఇంగ్లిష్‌లో రాయమంటే ఆ అబ్బాయి "నెట్‌వర్క్ ఇష్యూ" అని రెండు ముక్కలు రాసి వదిలేసేవాడు.

పనుల టూల్‌లో ఉండే గోల్స్‌కు వస్తాను. అసానా, క్లిక్‌అప్‌లాంటి వాటిలో ఈ సదుపాయం ఉంది. జిరా (అట్లాసియన్ కంపెనీ పనుల టూల్) వాడేవాళ్లు అదే కంపెనీ గోల్స్‌కు తమ పనులను ముడిపెట్టుకోవచ్చు. అసానాలో గోల్స్ ఉచిత ప్లాన్‌లో రావు, ఎక్కువ డబ్బు కట్టే ప్లాన్ కావాలి. వీటి బలం ఒక్కటే, కానీ గట్టిది: ప్రోగ్రామర్లు ఎలాగూ రోజంతా అందులోనే ఉంటారు, కొత్తగా ఇంకోటి తెరవనక్కరలేదు.

ఇబ్బంది ఎక్కడంటే, పనులు పూర్తయ్యే కొద్దీ గోల్ శాతం దానంతటదే పెరిగేలా పెట్టుకోవచ్చు. క్లిక్‌అప్‌లో టార్గెట్‌ను అంకెగా పెట్టొచ్చు, డబ్బుగా పెట్టొచ్చు, పనుల జాబితాగా కూడా పెట్టొచ్చు. ఆ చివరిది చూడగానే ఎవరికైనా ఆశ పుడుతుంది, చేత్తో మార్చే బాధ తప్పుతుంది కదా అని. మేమూ అదే ఎంచుకున్నాం. ప్రింట్ వేగం పెంచడానికి పది పనులు రాసుకున్నాం, తొమ్మిది అయిపోయాయి, తెర మీద 90 శాతం. జమ్మికుంటలో పత్తి దుకాణంలో నిలబడి చూస్తే తక్‌పట్టీ అంతకుముందులాగే నెమ్మదిగా వస్తోంది. మేం కష్టపడ్డాం, పనులన్నీ చేశాం, రైతు క్యూలో అంతసేపే నిలబడ్డాడు. పని వేరు, ఫలితం వేరు. ఆ తేడాను రోజూ చెరిపేసే టూల్‌ను లక్ష్యాలకు వాడకూడదని నా గట్టి అభిప్రాయం. వాడక తప్పదంటే ఆ ఆటోమేటిక్ లెక్కను ఆపేసి, అంకెను మనిషే రాసేలా పెట్టుకోండి.

సగటు గురించి కూడా ఒక మాట. చాలా టూల్స్ కీ రిజల్ట్స్ సగటు తీసి ఆబ్జెక్టివ్‌కు ఒకే శాతం చూపిస్తాయి. రెండు 100, ఒకటి సున్నా ఉంటే 67 వస్తుంది. గూగుల్ పద్ధతిలో పెద్ద ఆశయాలకు 0.6 నుంచి 0.7 (అంటే 60 నుంచి 70 శాతం) వస్తే మంచిదనే లెక్క కాబట్టి, 67 చూసి అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ సున్నా ఏమిటో ఎవరూ అడగరు. మా షీటులో సగటు తీసేసి, అన్నిటికన్నా తక్కువ ఉన్న అంకెనే పైన పెద్దగా పెట్టాం.

అయితే షీటు చేయలేనిది చాలా ఉంది. మడికొండ ఐటీ పార్కులో పెద్ద టీమ్‌లో పనిచేసే మా మిత్రుడి ఆఫీసులో షీట్ల లింకులే ఒక షీటు నిండా ఉండేవి. ఒక టీమ్ పేరు మార్చుకుంటే ఇంకో నాలుగు షీట్లలో ఫార్ములాలు విరిగేవి. అంతమంది ఉన్నప్పుడు ప్రత్యేక సాఫ్ట్‌వేర్ నిజంగా ఊరట. పెర్డూ లాంటిది కంపెనీ లక్ష్యం కింద ఏ టీమ్ ఏం చేస్తోందో మ్యాపులా చూపిస్తుంది, ఎప్పుడూ గమనించాల్సిన ముఖ్యమైన కొలతలను (కేపీఐలను) ఈ మూడు నెలల ఓకేఆర్ నుంచి విడిగా ఉంచుతుంది. వీక్‌డన్ వారం వారం ప్లాన్లు, పురోగతి, సమస్యలు అని మూడు భాగాలుగా రాయిస్తుంది, ఆ అలవాటు లేని టీమ్‌కు అది మంచి క్రమశిక్షణ. జోహో పీపుల్ లాంటి హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్‌లోనూ గోల్స్ ఉన్నాయి, కాకపోతే అక్కడ అప్రైజల్ పక్కనే ఉంటాయి. జీతం పెంపుకు ముడిపడిందని తెలిస్తే ఎవరైనా అందే లక్ష్యమే రాసుకుంటారు, వాళ్లను తప్పుపట్టలేం. అందుకే ఆ రెండింటినీ విడిగా ఉంచడం మంచిది.

ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌తో మార్కెట్ సీజన్‌కు పొసగని సంగతి ఒకటుంది. వీటిలో చాలావరకు గడిచిన రోజులను బట్టి "ఈపాటికి ఇంత రావాలి" అని తిన్నని గీత గీస్తాయి. మాకు పత్తి ముందు, ఆ వెనకే మిర్చి. ఫిబ్రవరి, మార్చిలో యార్డు ఎర్రగా నిండిపోతుంది, జనవరి మొదటి వారాల్లో అంత ఉండదు. మా అంకె జనవరిలో ఎప్పుడూ "వెనకబడింది" అని ఎర్రగా కనిపించేది, మా కుర్రాళ్లకు అనవసరపు టెన్షన్. మూడు నెలల చక్రాన్ని మన సీజన్‌కు తగ్గట్టు మార్చుకునే వీలుందో లేదో కొనేముందే అడగాలి.

డబ్బు దగ్గర రెండు చిక్కులు. విదేశీ టూల్స్ ఎక్కువగా తలకింత చొప్పున డాలర్లలో తీసుకుంటాయి, కాబట్టి అంకె చూడటానికి మాత్రమే వచ్చేవాళ్లకు కూడా సీటు (ఒక మనిషి వాడే లైసెన్సు) కొనాలా అని అడగండి. రెండోది, రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం రూ.15,000 దాటిన కార్డు ఆటో చెల్లింపుకు ప్రతిసారీ ఓటీపీ కావాలి. ఏడాది రెన్యూవల్ రోజు ఆ ఫోన్ ఎవరి దగ్గరుందో చూసుకోకపోతే అకౌంట్ ఆగిపోతుంది.

బయటపడే దారి కూడా ముందే చూసుకోవాలి. మైక్రోసాఫ్ట్ 2021లో ఆలీ అనే ఓకేఆర్ కంపెనీని కొని, 2022లో వైవా గోల్స్‌గా తెచ్చింది. దాన్ని 2025 డిసెంబర్ 31తో మూసేసింది. అంత పెద్ద కంపెనీదే మూతపడినప్పుడు ఏదీ శాశ్వతమనుకోలేం. డెమో ఇచ్చేవాళ్లను ఒక పాత మూడు నెలల డేటాను ఎక్సెల్‌గా దించి చూపమనండి. అంకెలతో పాటు ప్రతి వారం రాసిన వాక్యాలు, వాటి తేదీలు కూడా వస్తున్నాయో చూడండి. చాలాచోట్ల చివరి శాతం ఒక్కటే వస్తుంది, కథంతా లోపలే ఉండిపోతుంది.

ఇప్పుడు ఎవరైనా నన్ను అడిగితే కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయమంటున్నాను. ట్రయల్ అకౌంట్ తీసుకుని, మీ టీమ్‌లో కంప్యూటర్ ముందు అందరికన్నా తక్కువ కూర్చునే మనిషి ఫోన్‌లో వేయండి. అతను పనిలో ఉన్నప్పుడే ఒక అంకె మార్చి, ఎందుకు మారిందో తెలుగులో ఒక వాక్యం రాయమనండి. మీరు పక్కన నిలబడండి, కానీ చెయ్యి పెట్టకండి. మా ఫామ్‌తో ఎనుమాములలో ఆ పని ఒక టీ తాగేలోపు అయిపోయింది. మేం కొన్న సాఫ్ట్‌వేర్‌తో ఆ పరీక్ష ముందే చేసి ఉంటే ఏడాది డబ్బు మిగిలేది, ఆ నలుగురి నమ్మకం కూడా.